గౌరి అన్నం తిన్నదా?

రెబెక్కమ్మ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పుస్తకంలోని మనుషులను పుస్తకంలోనే వదిలిపెట్టి రావడం ఆమెకు చేతకాదు.

మనబోటివాళ్లం డిటెక్టివ్ నవల పట్టుకుంటే హంతకుడెవరో తేలేదాకా గోళ్లు కొరుక్కుంటాం, తేలాక పుస్తకం మూసి మన పని చూసుకుంటాం. ఆమె అలా కాదు. హత్య జరిగిన ఇంట్లో పసిపిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారో ఆమెకు తెలియాలి. మూడు రోజులుగా నిద్ర లేకుండా తిరుగుతున్న ఇన్‌స్పెక్టరుకు తలంటు పోసుకోమని చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కథలో ఎవరు అన్నం తిన్నారో ఎవరు తినలేదో పేజీ పేజీకీ కనిపెట్టి చూడాలి. చూసి ఊరుకోదు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉంటుంది. దానితో పుస్తకం అంచుల మీద రాస్తుంది.

ఈ సంగతి గూడూరులో అందరికంటే బాగా తెలిసినవాడు ఖాదర్ మొహిద్దీన్. రైల్వే స్టేషను నుంచి నిమ్మకాయల మండీకి పోయే దారిలో అతని బైండింగు అంగడి. ఒక పక్క పుస్తకాలు కుడతాడు, ఇంకో పక్క నవలలు అద్దెకిస్తాడు. తమాషా ఏమిటంటే, ఆ అంగట్లో ఉన్న మూడు వందల నవలల్లో అతను ఒక్కటి కూడా చదవలేదు. పుస్తకమంటే అతనికి కుట్టు, జిగురు, అట్ట. అంతే. కానీ రెబెక్కమ్మ గారు తిరిగిచ్చిన పుస్తకాన్ని మాత్రం మొదటి నుంచి చివరిదాకా తిరగేస్తాడు. అచ్చు వదిలేసి, పెన్సిలు చదువుతాడు.

"ఈయన పొట్టలో ఆరంగుళాల కత్తి దిగింది. ఇంత ఉపన్యాసం ఇవ్వలేడు. నలభై ఏళ్లు నర్సుగా చేసిన దాన్ని చెప్తున్నాను."

"ఒసే పిచ్చిదానా, ఆ తలుపు తీయవద్దు." పక్క పేజీలో: "తీసింది. చెప్తే వింటేగా!"

"ఈ పోలీసాయన కాఫీ తప్ప ఇంకేమీ ముట్టుకోడు. కడుపులో పుండు పడుతుంది."

స్టేషనులో టిక్కెట్లిచ్చే కామాక్షయ్యకు ఒకసారి ఒళ్లు మండింది. పుస్తకం తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఏందబ్బా ఖాదరూ, నవల అద్దెకిచ్చినావా, రెబెక్కమ్మ గారి మందుచీటీ అద్దెకిచ్చినావా?"

ఖాదర్ పెన్సిలు గీత పడని కొత్త పుస్తకం తీసిచ్చాడు. కామాక్షయ్య సాయంత్రానికే తిరిగొచ్చాడు.

"ఇదేంది, ఇందులో ఆమె రాయలేదే? చప్పగా ఉండాది. ఆమె చదివింది ఏదన్నా ఉంటే ఇయ్యి."

ఆమె వీధిలో వాళ్లకు నవల బాగోగులు తెలుసుకోవడానికి వేరే కొలత ఉంది. రెబెక్కమ్మ గారింట్లో పప్పు కాస్త మాడిన వాసన వస్తే నవల ఫరవాలేదు. పప్పూ కూరా రెండూ మాడితే మంచి నవల. గిన్నె అడుగు తూటు పడిందంటే మర్నాడు ఖాదర్ అంగడి ముందు జనం నిలబడతారు.

ఆమెను గట్టిగా మందలించేవాళ్లు ఊళ్లో లేరు. ఎలా మందలిస్తారు? సగం ఊరికి ఆమే మంత్రసాని. ఏదో అనబోతారు, ఇంతలో తమను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచి ఏడిపించిన మొదటి మనిషి ఈమే కదా అని గుర్తొస్తుంది. నోరు మూతబడుతుంది. ఖాదర్ నలుగురు పిల్లలూ ఆమె చేతిలోనే పడ్డారు. అందుకని ఆమె ఏం చెప్పినా అతనికి ఆజ్ఞే.

అరవై ఒకటో సంవత్సరం మాఘమాసంలో మద్రాసు నుంచి ఒక నవల దిగింది. పేరు 'బట్టీ వెనక నీడ'. అట్ట మీద నిప్పుల్లాంటి కళ్లతో ఒక పిల్ల, వెనక సున్నపుబట్టీ, కింద నెత్తురు మడుగు. కథ అంతకంటే భయంకరం. గౌరి అని పదహారేళ్ల పిల్ల. తల్లి లేదు. దాని చూపు మంచిది కాదని ఊరు వెలివేస్తే బట్టీ వెనక పాకలో ఒక కుంటికాకితో మాట్లాడుకుంటూ బతుకుతుంది. దాన్ని కొట్టినవాడొకడు, తిట్టినవాడొకడు, బడిలోంచి గెంటినవాడొకడు వరసగా చచ్చిపోతారు. ఊరంతా కట్టెలు పట్టుకుని ఆ పిల్ల కోసం వెతుకుతుంది.

మూడో రోజు రెబెక్కమ్మ గారు అంగడికొచ్చారు. మనిషితో పాటు మాడు వాసనా వచ్చింది.

"బాగుందా నర్సమ్మా?" అన్నాడు ఖాదర్.

"రెండు గిన్నెలు తూట్లు పడినాయి నాయనా!" ఆమె మొహం వెలిగిపోతోంది. "ఒళ్లు జలదరిస్తా ఉండాది. కాకి అరిచిందంటే ఎవరో చచ్చినట్టే. నిన్న మా పెరట్లో కాకి అరిస్తే నేను తలుపు గడియ పెట్టుకున్నా."

"అయితే అద్భుతమే."

"అద్భుతమేగాని, ఈ రచయితకు బుద్ధి లేదు. తొంభయ్యో పేజీలో ఆ బిడ్డ రెండు జామకాయలు తిన్నది. ఇప్పుడు నూట ముప్ఫై. అన్నం మాటే లేదు. నలభై పేజీలు పస్తుంటే మనిషి పరిగెత్తగలదా? చంపడానికన్నా ఓపిక ఉండొద్దా?"

ఇక్కడ ఇంకో పిల్ల సంగతి చెప్పాలి. ఈమె పుస్తకంలో పిల్ల కాదు. పేరు చెంచులక్ష్మి. పద్నాలుగేళ్లు, ఎనిమిదో తరగతి. సముద్రం వైపు ఉప్పుకయ్యల దగ్గర యానాదుల గుడిసెల్లోంచి వచ్చి, రైలుకట్ట అవతల ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. బడిలో లెక్కలు కూడా చెప్పే హాస్టల్ వార్డెను జయశీల గారి బంగారు గొలుసు వాచీ కనపడకుండా పోయింది. ఎవరు తీశారన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి హాస్టల్లో ఒక్క నిమిషం కూడా పట్టలేదు. కొన్ని కులాలవాళ్లు పుట్టుదొంగలని తెల్లదొరలు రాసిపెట్టుకున్న చట్టం పోయి అప్పటికే ఏళ్లు గడిచాయి. కాగితం చిరిగింది గాని ఊరి బుర్ర మారలేదు. చెంచులక్ష్మి పెట్టె వెతికారు. వాచీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఎక్కడో గట్టిగా దాచిందన్నారు. పెట్టె చేతికిచ్చి పంపేశారు.

రెబెక్కమ్మ గారు వెళ్లి పిల్లను తన ఇంటికి తెచ్చుకున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారంలోగా హాస్టలు మళ్లీ చేర్చుకోకపోతే బడి రిజిస్టరులో పేరు కొట్టేస్తారు. పేరు పోతే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే చెంచులక్ష్మి ఉప్పుకయ్యల దగ్గర పీతలు పట్టుకోవాలి. ఆమె తల్లి పట్టినట్టే, ఆ తల్లి తల్లి పట్టినట్టే.

ఒకరోజు ఖాదర్ ఏదో పని మీద ఆ ఇంటికి పోతే, వరండాలో రెండు తలలు ఒకే పుస్తకం మీద వంగి ఉన్నాయి. ఒకటి నెరిసింది, ఒకటి నల్లది.

"ఆగవే, తిప్పొద్దు. నాకింకా నాలుగు లైన్లుండాయి."

"మీరు నిదానం అమ్మా. గౌరి చంపలేదు, చూస్తా ఉండండి."

"చంపిందో లేదో పోలీసోళ్లు చూసుకుంటారు. అన్నం తిన్నదా అది చూడు."

పిల్ల ఫక్కున నవ్వింది. హాస్టల్ వదిలిపెట్టాక ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారని రెబెక్కమ్మ గారు తర్వాత చెప్పారు. నవ్వు ఆగాక ఆ పిల్ల మెల్లగా అడిగింది. "అమ్మా, ఒకరిని అందరూ చెడ్డది చెడ్డది అంటా ఉంటే, చివరాఖరికి చెడ్డదే అయిపోతుందా?"

ఆ రాత్రి రెబెక్కమ్మ గారు ఒక్కరే దీపం ముందు కూర్చుని పుస్తకం చివరిదాకా చదివేశారు. మర్నాడు మధ్యాహ్నం ఎండలో గొడుగు వేసుకుని అంగడికొచ్చారు.

"ఖాదరూ, ఈ పుస్తకం చివరి ఫారం విప్పు." ఫారం అంటే పదహారు పేజీల మడత. అలాంటివి వరసగా పెట్టి కుడితేనే పుస్తకం.

"బంగారం లాంటి కుట్టు నర్సమ్మా! ఎందుకు?"

"విప్పి దాచిపెట్టు. నేను చెప్పేదాకా ఎవరికీ ఇయ్యొద్దు. నువ్వూ చదవొద్దు."

"నేను ఏనాడు చదివినాను?"

"అందుకే నీకిస్తా ఉండా."

ఖాదర్ ఫారం విప్పి, పేపరులో చుట్టి, జిగురు డబ్బా కింద పెట్టాడు. జీవితంలో అచ్చు చదవాలని అతనికి మొదటిసారి ప్రాణం పీకింది ఆ రోజే. చివరి ఫారం లేని పుస్తకం చదివిన కామాక్షయ్య రోజుకు రెండుసార్లు వచ్చి బతిమాలాడు. "గౌరి చచ్చిందా బతికిందా, ఆ ఒక్క ముక్క చూసి చెప్పన్నా!" ఖాదర్ జిగురు డబ్బా వైపు చూసి నిట్టూర్చేవాడు.

ఇక అసలు గొడవ బుధవారాల్లో మొదలైంది. చర్చిలో బుధవారం మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన కూటం జరుగుతుంది. ఎవరి కోసమైనా ప్రార్థించాలంటే లేచి నిలబడి ఆ మనవి చెప్పడం ఆనవాయితీ. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులూ పిల్లల పరీక్షలే. ఆ బుధవారం రెబెక్కమ్మ గారు లేచారు.

"ఒక బిడ్డ ఉంది. పేరు గౌరి. పదహారేళ్లు. తల్లి లేదు. ఊరు వెలివేసింది. సున్నపుబట్టీ వెనక ఒక కుంటికాకి తప్ప పలకరించే దిక్కు లేదు. ఆ బిడ్డ అన్నం తిని నాలుగు రోజులైంది. ప్రార్థన చేయండమ్మా."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఏ ఊరని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. స్త్రీలు కళ్లనీళ్లతో ప్రార్థించారు.

తర్వాతి బుధవారం: "గౌరిని ఊరివాళ్లు కట్టెలు పట్టుకుని తరుముతున్నారు. కాకి కనపడటం లేదు." కూటంలో ఏడుపులు. కాకి కోసం కూడా ప్రార్థన జరిగింది. పదకొండు మంది వచ్చే కూటానికి ఆ వారం నలభై మంది వచ్చారు. మూడో వారానికి చాపలు చాలలేదు. ఖాదర్ పెళ్లాం హజరాబీ కూడా చేటలో మునగాకు పెట్టుకుని, దూసుకుంటున్నట్టు నటిస్తూ చర్చి మెట్ల మీద కూర్చుంది. ఇంటికొచ్చి మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పింది. ఖాదర్ జిగురు గిన్నెలో వేలు ముంచి అలాగే ఉండిపోయాడు. ఇది తన అంగట్లో పుస్తకమే కదా!

పాస్టరు సమాధానం గారి ఆనందానికి మేర లేదు. "పన్నెండేళ్ల నా పరిచర్యలో ఇంత భక్తి, ఇంత ఉజ్జీవం చూడలేదు" అని పై వాళ్లకు ఉత్తరం కూడా రాశారు.

అందరికంటే ఎక్కువ ఏడ్చింది జయశీల గారు. మూడో బుధవారం గౌరి మీద ఊరు మోపిన నిందలు రెబెక్కమ్మ గారు చెప్పాక, ఎవరో వెనక నుంచి "మూడు హత్యలు చేసిందంటున్నారే ఆ పిల్ల?" అని గొణిగితే, ఆమె గిరుక్కున తిరిగింది.

"చేసిందని ఎవురు చూసినారు? ఉట్టి అనుమానం మీద బిడ్డను తరిమేస్తారా? ఆ గౌరిని తీసుకురండి. నా హాస్టల్లో నేను పెట్టుకుంటా. ఎవురేమంటారో చూస్తా!"

"ఆమేన్!" అన్నారు రెబెక్కమ్మ గారు. ఆ ఆమేన్ మండీ దాకా వినపడిందని హజరాబీ చెప్పింది.

గౌరి కోసం ఏమన్నా చేయాలని స్త్రీలు తీర్మానించారు. ఒకావిడ పావడా జాకెట్టు కుడతానంది. మిగతావాళ్లు పిడికెడు బియ్యం ఇస్తామన్నారు. ఆ ఇళ్లల్లో పొయ్యి మీద ఎసరు పెట్టేముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తారు. నెల మొదటి ఆదివారం ఆ బియ్యం చర్చికి తెస్తారు. లేనివాళ్లకు పంచుతారు.

"ఈ తూరి మూటగట్టి తేవద్దండమ్మా" అన్నారు రెబెక్కమ్మ గారు. "కుండలు కుండలుగానే తెండి. బిడ్డ కళ్లారా చూడాల."

ఆ ఆదివారం పొద్దున ఖాదర్‌కు పిలుపొచ్చింది. పుస్తకమూ, దాచిన ఫారమూ పట్టుకుని చర్చి వరండాలోకి రమ్మని. వెళ్లి ఒక స్తంభం చాటున నిలబడ్డాడు. ఆరాధన అయిపోయింది. వరండాలో పెద్ద చాప పరిచారు. చుట్టూ ముప్ఫై కుండలు. కొత్త పావడా ఇస్త్రీ మడతతో సిద్ధంగా ఉంది.

"గౌరి ఎక్కడమ్మా?" అన్నారు పాస్టరు గారు, గొంతు సవరించుకుని.

"ఖాదరూ, చూపించు నాయనా."

ఖాదర్ పుస్తకం పైకెత్తాడు. నిప్పుల కళ్లు, బట్టీ, నెత్తురు మడుగు.

పాస్టరు గారు ఆ అట్టను చూశారు, కుండలను చూశారు, మళ్లీ అట్టను చూశారు. "రెబెక్కమ్మ గారూ, నా ఉజ్జీవమంతా... డిటెక్టివ్ నవలా?"

"నవల అని చెప్పలేదు. నిజమనీ చెప్పలేదు అయ్యగారూ. ప్రార్థన చేయమన్నానంతే."

జయశీల గారి మొహం ఎర్రబడింది. "లేని పిల్ల కోసం మమ్మల్నందర్నీ ఇట్టా ఏడిపిస్తారా అక్కా? మూడు వారాలు నాకు ముద్ద దిగలేదు!"

"లేని పిల్ల కోసం ముద్ద దిగలేదు గదా జయశీలా. ఉన్న పిల్ల కోసం ఎట్టా దిగింది?"

రెబెక్కమ్మ గారు పక్కకు జరిగారు. తలుపు వెనక చెంచులక్ష్మి. వాడిన పావడా, నూనె రాసి బిగించి వేసిన జడలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది.

ఎవరో వాచీ అని ఏదో అనబోయారు.

"వాచీ మాట ఎత్తొద్దు" అంది జయశీల గారు. తర్వాత పిల్లను చూసింది. "మూడు హత్యలు చేసిందన్నా పెట్టుకుంటానన్నా. దీని మీద ఉండేది ఒక వాచీ. తీసిందో లేదో దేవుడికి తెలుసు. తీసినా సరే." పిల్ల వైపు ఒక అడుగు వేసింది. "లక్ష్మీ, పెట్టె సర్దుకున్నావా?"

"లేదండి టీచరుగారూ."

"సర్దుకో. పొద్దు గూకకముందే రా. లెక్కల్లో నువ్వు వెనకబడి ఉండావు."

ఆ మాట అనేసి, ఇంక ఎవరి మొహమూ చూడలేక, జయశీల గారు తన కుండ ఎత్తి చాప మీద కుమ్మరించింది. తెల్లగా బియ్యం జారాయి. జారుతూ జారుతూ ఒక చోట టిక్కుమంది.

బియ్యం మధ్య బంగారు గొలుసు వాచీ. పడిన దెబ్బకేమో, పదకొండూ పదికి ఆగిపోయి ఉంది. సరిగ్గా ఎసరు పెట్టే వేళ.

"యా అల్లా!" అని స్తంభం చాటు నుంచి అరిచాడు ఖాదర్.

"ఆమేన్" అన్నారు పాస్టరు గారు, తెలియకుండానే.

జయశీల గారు చాప మీద కూలబడి, చెంచులక్ష్మి రెండు చేతులూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల బిత్తరపోయి అటూ ఇటూ చూసి, "ఏడవొద్దు టీచరుగారూ, బియ్యం తడుస్తాయి" అంది. ఆ మాటకు ముందు నవ్వింది హజరాబీ. మెట్ల మీద మునగాకు చేట ఎగిరిపడేటట్టు నవ్వింది. తర్వాత వరండా అంతా నవ్వింది.

తిరిగి వస్తుంటే దారిలో ఖాదర్ ఆగలేకపోయాడు.

"నర్సమ్మా, నిజం చెప్పండి. వాచీ యాడుండాదో మీకు ముందే తెలుసునా?"

"తెలీదు. అనుమానం. వాచీ పోకముందు జయశీలకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది గదా, అప్పుడు నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే చిక్కిన చేతి మీద వాచీ గొలుసు మోచేతి దాకా జారింది. ఆ చేత్తో దినం పిడికెడు బియ్యం వేస్తుంది. ఇన్ని డిటెక్టివులు చదివినా, ఆ మాత్రం తట్టదా?"

"మరి మొదటి దినమే చెప్పి కుండ దులిపించుంటే పోయేది గదా! ఇంత నాటకమెందుకు?"

రెబెక్కమ్మ గారు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"దులిపించుంటే వాచీ దొరికేది ఖాదరూ. పిల్లకు మర్యాద దొరికేది కాదు. ఇంకోసారి ఇంకోటి పోతే మళ్లీ దాని పెట్టే వెతుకుతారు. దొంగ కాదని తేలినాక దగ్గరికి తీసేదానికి పెద్ద మనసేం అక్కర్లేదు. తేలకముందే తీస్తారా లేదా అని చూసినా." నాలుగడుగులు వేసి ఆగారు. "తీసింది. జయశీల మంచిది. పోయి ఆ ఫారం కుట్టేయి. లక్ష్మి చివరిదాకా చదవనీ. ఇప్పుడు చదివినా ఏం కాదు."

ఖాదర్ ఆ మధ్యాహ్నమే ఫారం కుట్టాడు. కుట్టేముందు, జీవితంలో మొదటిసారి, అచ్చు చదివాడు. మద్రాసు రచయిత కథను నిర్దయగా ముగించాడు. మూడు హత్యలూ గౌరే చేసింది. ఊరు అన్నదే నిజమైంది. కుంటికాకిని చంకలో పెట్టుకుని మండే బట్టీలోకి దూకేసింది. ఆ పేజీని మూల నుంచి మూలకు పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి ఉంది. అంచున ఇలా రాసి ఉంది: "రచయితకు తెలియదు. బట్టీ ఆరిపోయి వారమైంది. ఇందులో దూకితే ఒంటికి బూడిద అంటుతుంది గాని ప్రాణం పోదు. ఎవరైనా బిడ్డను లేపి మొహం కడగండి. ఇంతకీ అన్నం తిన్నదా?"

వారం తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. హాస్టల్ నుంచి, కొత్త పావడా కట్టుకున్న చెంచులక్ష్మి చేతుల మీదుగా. కామాక్షయ్య అప్పటికే బల్ల మీద మోచేతులు ఆనించి కాచుకుని ఉన్నాడు. అయినా ఖాదర్ ముందు తానే చివరి పేజీ తిప్పాడు.

పెన్సిలు ప్రశ్న కింద, నీలం సిరాతో, గుండ్రటి బడి అక్షరాలతో జవాబు ఉంది:

"తిన్నదండి. రెండుసార్లు వడ్డించుకున్నది. కాకికి కూడా పెట్టింది. పప్పు కొంచెం మాడింది."